నడుములో కృత్రిమమైన కీలు – దాని చరిత్ర



నలువది యేండ్లు బాలుర పలకలమీదికి వంగి యక్షరములు దిద్దినవాడను. కావున నడుమునొప్పిని గూర్చి మాటలాడుటకు నాకు వైద్యుని యధికారము లేకున్నను రోగి యధికారము కొంత కలదు. నేటి నా ప్రసంగము వైద్యము చెప్పుటకు గాదు, చరిత్ర చెప్పుటకు. అరిగిన నడుములో వెన్నుపూసలను కదలకుండ నతికించుటయే పరమోపాయమని శస్త్రవైద్యులు తలచిన కాల మొకటి యుండెను. అట్లతికింపక, కదలిక చెడకుండ, ఆ చోట నొక కృత్రిమమైన కీలు నమర్పరాదా యని కొందరు యోచించిరి. ఆ యోచన యెట్లు పుట్టినది, ఎన్ని మారులు పడి లేచినది, ఎంతవరకు వచ్చినది అనునదియే మన విషయము.

నాకు దీనియందు శ్రద్ధ కలుగుటకు కారణము నా తమ్ముడు. వాడు సేద్యగాడు. కొన్నియేండ్ల క్రిందట వాని నడుములో నొప్పి పుట్టి, అది కాలివెంట మడమవరకు దిగి, కూర్చున్నను పరుండినను ఓర్వరానిదయ్యెను. పట్టణమున చిత్రములు తీయించి చూచి, రెండు పూసలను మరలతో బిగించి యతికింపవలెనని వైద్యుడు చెప్పెను. "అన్నయ్యా, ఆ తరువాత నేను వంగి గట్టు చెక్కగలనా?" అని తమ్ముడు నన్నడిగెను. నాకేమి తెలియును? మేఘసందేశమునకు అన్వయము చెప్పమన్న చెప్పుదును గాని వెన్నుపూసకు చెప్పలేను. ఆ దినము మొదలు తెలిసినవారి నడిగియు, గ్రంథములు తెప్పించియు చదువుట కారంభించితిని.

వెన్నెముక యనునది ఒక్క యెముక గాదు. మెడ మొదలు నడుమువరకు 24 పూసలు ఒకదానిపై నొకటి నిలిచియుండును. వానిలో నడుమునకు చెందినవి అయిదు. వాని క్రింద త్రికాస్థి. నడుమునందు ప్రతి రెండు పూసల నడుమను ఒక మెత్తని బిళ్ళ కలదు. దానిని డిస్కు అందురు. బిళ్ళచుట్టును నారపొరలు ఉల్లిపొరలవలె నొకదానిపై నొకటి చుట్టుకొని యుండును. మధ్యను నీరుపట్టిన గుజ్జు. యౌవనమున ఆ గుజ్జులో నూటికి 80 పాళ్ళు నీరే. ఏండ్లు గడచినకొలది నీరు తగ్గి, బిళ్ళ పలుచబడి, నార చిట్లును. ఇదిగాక ప్రతి మెట్టునను వెనుకవైపున కుడియెడమల రెండు చిన్న కీళ్ళు కలవు. అనగా నొక్కొక్క మెట్టు ముక్కాలిపీట వంటిది: ముందు డిస్కు, వెనుక జంటకీళ్ళు. ఈ ముక్కాలిపీట మాటను జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. దీనిని మరచిన వారందరును ఈ చరిత్రలో దెబ్బతినిరి.

నడుమునుండి కాలికి దిగు నొప్పిని మన పూర్వులెరుగుదురు. సుశ్రుతుడు దానిని గృధ్రసి యనెను. కాలిని చాచి యెత్తనీయకుండుట దాని లక్షణమని చెప్పెను. నేటి వైద్యులును రోగిని వెల్లకిల బరుండబెట్టి, మోకాలు వంచకుండ కాలెత్తి, ఎంతవరకు లేచునో చూతురు. వెన్నుపూస విరిగిన వానిని పలకపై బరుండబెట్టి, అటునిటు కొయ్యలు పాతి, కదలకుండ బంధించు కపాటశయనమును కూడ సుశ్రుతుడే చెప్పియున్నాడు. అంతమాత్రమున డిస్కు సంగతి యంతయు మనవారికి ముందే తెలియునని చెప్పుట న్యాయము గాదు. వారు చూచినది లక్షణము. కారణమును వాతమున కారోపించిరి. పాశ్చాత్యులును చాలకాల మంతకంటె ముందునకు పోలేదు. నేపుల్సు నగరపు కొటూన్యో యను పండితుడు 1764లో, ఈ నొప్పి కీలుది గాదు, నరముదని గ్రంథము వ్రాసెను. ఆ నరమును నొక్కునది చిట్లిన డిస్కు అని రూఢిగ చూపుటకు మరి 170 ఏండ్లు పట్టెను. 1934లో అమెరికాయందలి బోస్టను నగరమున మిక్స్టరు, బారు అను నిరువురు వైద్యులు ఆ సంగతిని ప్రకటించిరి.

ఈ లోపల పూసల నతికించు విద్య వేరొక మార్గమున పుట్టినది. క్షయ వెన్నుపూసలకు సోకి, పూస కూలి, మనిషి గూనివడు జబ్బును మీలో పెద్దవారు చూచియేయుందురు. అప్పటికి క్షయకు మందు లేదు. జబ్బుపడిన చోటును కదలకుండ చేసిన మానుననియే యాశ. 1911లో న్యూయార్కు నగరముననే యిద్దరు వైద్యులు వేరువేరుగ నీ పని చేసిరి. హిబ్సు అనువాడు పూసల వెనుకభాగమునందలి యెముకనే చీల్చి ఒకదానిపై నొకటి పరచి యతుకుకొనునట్లు చేసెను. ఆల్బీ యనువాడు రోగి ముంగాలి యెముకనుండి యొక బద్ద తీసి వెన్నునందు దాపించెను. ఈ ఆల్బీ బాల్యమున తన తాతవద్ద పండ్లచెట్లకు అంటు కట్టుట నేర్చెనట. మన తోటమాలి కొమ్మను కోసి, సందుచేసి, బిగించి కట్టి, అతుకుకొనువరకు కదలనీయకుండుట మీరెరిగినదే. ఎముకకును అదే న్యాయము.

క్షయకు పుట్టిన చికిత్స క్రమముగ అరుగుదలకు ప్రాకెను. కదలినప్పుడు నొప్పి; కావున కదలకుండ చేసిన నొప్పి పోవును అను తర్కము పైకి నిర్దుష్టముగనే కనబడును. పిమ్మట ఉక్కు కడ్డీలు, మరలు వచ్చి యతుకు బలపడెను. చాలమందికి మేలు జరిగెననుటలో సందేహము లేదు. అయితే రెండు చిక్కులు కనబడెను. ఎముక చక్కగ నతుకుకొన్నను కొందరికి నొప్పి పోలేదు. రెండవది, ఒక మెట్టు బిగిసినపుడు దాని పని దాని పైమెట్టును క్రిందిమెట్టును చేయవలసివచ్చెను. అరకకు కట్టిన రెండెడ్లలో నొకటి నిలిచిపోయిన రెండవదాని మెడయేమగునో సేద్యగాండ్రకు నేను చెప్పవలెనా? కొన్ని యేండ్లకు పొరుగు డిస్కు కూడ అరిగినవారు పలువురు కానవచ్చిరి.

అతుకుటకు మారుగ కదలిక నిలుపవలెనను ప్రయత్నము మొదట స్వీడను దేశమున గట్టిగ జరిగెను. ఫెర్న్‌స్ట్రోము అను శస్త్రవైద్యుడు చెడిన డిస్కును తొలగించి, ఆ సందున నొక ఉక్కుగోళీ నుంచెను. బండి యిరుసునందు తిరుగు గోళీల వంటిదే. నూటికి పైగా రోగుల కిట్లు చేసి 1966లో తన యనుభవమును ప్రకటించెను. భావమున తప్పులేదు, గోళీ తిరుగును, పూస దానిపై నూగును. కాని గోళీ పూసను తాకునది ఒక్క చిన్న తావుననే గదా. దేహభారమంతయు ఆ చోట పడెను. పూస పైపొర క్రింద నెముక గట్టిరాయి వంటిది గాదు, పురుగు తొలిచిన కొయ్యవలె గూళ్ళుగూళ్ళుగ నుండును. తడిసిన మట్టి యరుగుమీద రోకలి నిలిపినట్లు, కాలము గడచినకొలది గోళీలు పూసలలోనికి దిగబడిపోయెను. సందు మూసికొనిపోయెను. వైద్యలోకము ఆ పద్ధతిని విడిచిపెట్టెను.

ఈ చరిత్రకు సాయము వేరొక కీలునుండి, అనగా తుంటినుండి వచ్చెను. ఇంగ్లాండునందు చార్న్‌లీ యనువాడు అరిగిన తుంటికీలునకు మారుగ ఉక్కు తలయు, దానికొక గిన్నెయు నమర్చుచుండెను. గిన్నెకు మొదట టెఫ్లాను అను జారుడు పదార్థమును వాడెను. అది త్వరలో నరిగి, ఆ పొడి దేహమున వాపు పుట్టించెను. ఎందరికో వేసిన కీళ్ళను మరల తీయవలసివచ్చెను. పిమ్మట పాలిఎథిలీను అను గట్టి జాతి ప్లాస్టికును 1962లో వాడి కృతార్థుడయ్యెను. ఈ పదార్థములు దేహమున నెట్లుండునో చూచుటకు ఆయన తన తొడలోనే వాని తునుకలను పెట్టించుకొనెను. లోహముపై పాలిఎథిలీను చక్కగ జారునని, చాలకాలము నిలుచునని దీనివలన తెలిసెను.

ఇక బెర్లిను నగరమునకు పోవుదము. అప్పటికి ఆ నగరము గోడచేత రెండుగ చీలియుండెను. తూర్పు భాగమున షారిటే యను వైద్యశాల కలదు. 1710లో మహమ్మారి భయమున నూరివెలుపల కట్టిన శాల అది. పేరునకు దానధర్మమని యర్థము. అందు 1982 ప్రాంతమున షెల్నాకు అను వైద్యుడును, కారిన్ బ్యూట్నర్ యాన్జు అను వైద్యురాలును కృత్రిమ డిస్కును రూపించుట కారంభించిరి. ఈ వైద్యురాలి పూర్వచరిత్ర వినదగినది. ఆమె 1972లో మ్యూనికు ఒలింపిక్సునందు వ్యాయామక్రీడలలో రెండు బంగారు పతకములు గొన్నది. దేహమును విల్లువలె వంచి, గాలిలో త్రిప్పి, కడ్డీలపై నాడిన యువతి వైద్యశాస్త్రము చదివి, వంగలేని నడుములకు కీలు చేయబూనినది. ఇట్టిది కావ్యములో చదివిన కల్పన యనుకొందుము. ఇది జరిగిన సంగతి.

వారి యుపాయ మేమనగా: పైపూస కొక లోహపు పళ్ళెము, క్రిందిపూస కొకటి, రెండును లోపలివైపు కొంచెము గుంటగ నుండును. నడుమ పాలిఎథిలీను బిళ్ళ, ఇరువైపుల నుబ్బినది, మన గారె నూనెలో పొంగినట్లు. పళ్ళెముల యంచులకు పండ్లుండును. అవి పూసను కరచుకొనును. మనిషి వంగినపుడు బిళ్ళ వెనుకకును, వెనుకకు వాలినపుడు ముందునకును జారును. ఫెర్న్‌స్ట్రోము గోళీ యొక్క చిన్న తావున మోపిన భారమును ఈ పళ్ళెము వెడల్పున పంచును. 1984లో మొదటి రోగికి దీనిని అమర్చిరి. మొదటి రూపున పళ్ళెములు చాలినంత వెడల్పు లేక పూసలలో దిగబడెను. రెండవ రూపున పలుచని ఉక్కు రేకులు విరిగెను. పిమ్మట హాంబర్గు నగరపు కార్ఖానావారు 1987లో కోబాల్టు, క్రోమియము కలిసిన లోహముతో మరింత వెడల్పుగ మూడవ రూపమును చేసిరి. గోడ కూలుటకు రెండేండ్ల ముందే తూర్పున పుట్టిన యోచన పశ్చిమమున పోతపోసికొనెను.

దీనిని అమర్చుట సులభమైన పని గాదు. వీపునుండి పోయిన నరములు అడ్డము. కావున కడుపువైపునుండి పోవలెను. పేగుల సంచిని ప్రక్కకు తీసి, గుండెనుండి కాళ్ళకు నెత్తురు దెచ్చు పెద్ద నాళములను మెల్లగ తొలగించి పట్టుకొని, వాని వెనుకనున్న డిస్కును తీయవలెను. ఆ నాళమునకు గాటుపడిన ప్రాణగండము. అంతేగాక ఒకమారు పెట్టిన కీలును మరల తీయవలసివచ్చిన, అప్పటికి అంతయు అతుకుకొని యుండుటచేత నపాయము మరింత హెచ్చును.

అమెరికాయందు స్టెఫీ యను వైద్యుడు లోహపుబిళ్ళల నడుమ రబ్బరును కరగించి యతికిన డిస్కును చేసి, 1988 మొదలు ఆరుగురికి పెట్టెను. నిజమైన డిస్కు రబ్బరువలె నొదుగునది గదా, కావున భావము ప్రకృతికి దగ్గర. కాని ఆ రబ్బరును పదునుపెట్టుటకు వాడిన రసాయనము ఎలుకలలో పుండుజబ్బు పుట్టించునని తెలిసి పని నిలిపివేసిరి.

నా మనస్సునకు మిక్కిలి నచ్చిన ఘట్టము ఫ్రాన్సు దేశపుది. మోంపెలియే నగరమున మార్నే యను శస్త్రవైద్యుడు వేరొక కీలు చేసెను. ఇందు పాలిఎథిలీను గుబ్బ క్రిందిపళ్ళెమునకే బిగించియుండును. పైపళ్ళెము దానిపై తిరుగును. పళ్ళెమునకు పడవ యడుగుకమ్మి వంటి గట్టు కలదు, అది పూసలోని గాడియందు దిగును. ఆయన 1990 మొదలు 1993 వరకు 64 మందికి దీనిని పెట్టెను. పెట్టి, నిలిపివేసెను. విఫలమై నిలుపలేదు. ఏండ్లు గడచినపుడు వీరి గతి యేమగునో తెలిసికొనక మరియొకరికి పెట్టరాదని నిలిపెను. ఆరేడేండ్లు వేచి, పిమ్మట ఆ రోగులను వెదకి వెదకి పిలిపించి పరీక్షించిరి. చాలమందికి కీలు చోటు తప్పలేదు, చాలమంది సంతుష్టులై యుండిరి. అప్పుడు గాని క్రొత్తరూపు నిర్మించి లోకమున కీయలేదు. నా బడిలో ఒక బాలుడు పరీక్ష వ్రాసిన మరునాడే ఫలితమడుగుచుండెడివాడు. వానికి చెప్పుటకు అప్పుడీ కథ నాకు తెలియకపోయెనే యని యిప్పుడు తోచును.

అమెరికా ప్రభుత్వపు ఔషధపరిశీలన శాఖ బెర్లిను కీలును 304 మంది రోగులపై పరీక్షింపజేసెను. 205 మందికి కీలు, 99 మందికి అతుకు. చీటి వేసినట్లు ఎవరికేదియో నిర్ణయించిరి. రెండేండ్లకు చూడగా కీలు అతుకుకంటె తక్కువ గాదని తేలెను. 2004 అక్టోబరు నెలలో ననుమతి వచ్చెను. మార్నే కీలునకు 2006లో వచ్చెను. ఇందు "తక్కువ గాదు" అనుమాటను తూచి చూడవలెను. తక్కువ గాదనుట ఎక్కువ యనుట గాదు; తర్కము చదివినవాని కీ భేదము వెంటనే తోచును. పైగా, పోల్చుటకు తీసికొన్న యతుకుపద్ధతియే అప్పటికి వైద్యులలో ఆదరము తగ్గుచున్నదని కొందరు విమర్శకులాక్షేపించిరి. ఆ యాక్షేపణ నాకు సమంజసముగనే కనబడుచున్నది. బెర్లిను కీలు తరువాత తయారు గాకుండపోయినది. దానివెనుక వచ్చినవి నడచుచున్నవి. మన దేశపు పెద్దనగరములలోను వీనిని అమర్చుచున్నారు.

నార్వే దేశస్థులు వేరొక ప్రశ్న వేసిరి. కత్తితో కత్తిని పోల్చుటయేల, కత్తి లేని చికిత్సతో పోల్చుదమనిరి. 173 మందిని రెండుగ విభజించి, కొందరికి కృత్రిమ డిస్కును, కొందరికి వ్యాయామమును, భయము పోగొట్టు బోధను ఇచ్చిరి. 2011లో ఫలితము ప్రకటితమయ్యెను. శస్త్రచికిత్స పొందినవారికే రెండేండ్లకు మేలు హెచ్చు. కాని ఆ హెచ్చు రోగి బ్రతుకులో స్పష్టముగ తెలియునంతటిదా యనునది సందేహముగనే మిగిలెను. వ్యాయామము చేసినవారును చాలవరకు కోలుకొనిరి. ఈ సంగతి శస్త్రవైద్యుల ప్రకటనలలో తరచుగ కానరాదు.

ఇక మనవంటి వృద్ధుల మాట. ఈ డిస్కు కీలు మనకు తగునా? తగదనియే చెప్పవలెను. అమెరికాయందు వృద్ధుల వైద్యవ్యయము భరించు ప్రభుత్వ భీమా సంస్థ 2007లో, 60 ఏండ్లు దాటినవారికి నడుము డిస్కు కీలు ఖర్చు నీయజాలమని నిర్ణయించెను. దీనికి కారణము ముక్కాలిపీటయే. వయసు మళ్ళినపుడు డిస్కుతోడనే వెనుక జంటకీళ్ళును అరిగియుండును. ముందుకాలు క్రొత్తది వేసి వెనుకకాళ్ళు పుచ్చియున్న పీట నిలుచునా? ఎముక గుల్లబారియున్న పళ్ళెము దిగబడును. పూస ముందునకు జారియున్నను కీలు పనికిరాదు.

కావున వెనుకవైపు కదలికను నిలుపు యంత్రములు వేరుగ పుట్టినవి. 1994లో మొదట వాడిన యొకదానియందు పూసలకు టైటానియపు మరలు బిగించి, వాని నడుమ కడ్డీకి మారుగ పాలియెస్టరు త్రాడును, దానిపై మెత్తని గొట్టమును అమర్తురు. త్రాడు హెచ్చుగ వంగకుండ పట్టును, గొట్టము హెచ్చుగ వెనుకకు వాలకుండ నడ్డును. చిత్రమేమనగా, కదలికకై పుట్టిన యీ పరికరమునకు అమెరికాలో 2004లో దొరకినది అతుకుటకు సాయముగ వాడుకొను ననుమతి మాత్రమే. నాలుగడుగులు నడువగనే కాళ్ళు తిమ్మిరెక్కి, కఱ్ఱమీదికి వంగిన సుఖపడు వృద్ధులు మనలో నెందరో కలరు. నడుములో నరముల త్రోవ యిరుకగుటచేత నట్లగును. వంగిన త్రోవ కొంత విప్పారును. దీనిని కనిపెట్టి, పూసల వెనుక ముండ్ల నడుమ నొక లోహపు చీలను దూర్చి, ఆ చోటు ఎల్లప్పుడు కొంచెము వంగియుండునట్లు చేసిరి. 2005లో దాని కనుమతి దొరకెను. మొదట గొప్ప ప్రచారము జరిగెను. మరల శస్త్రచికిత్స చేయవలసినవారు హెచ్చుగుటచే దాని వాడుక క్షీణించి, తయారుచేయువారే పిమ్మట దానిని మానుకొనిరి. 2023లో వేరొకటి యనుమతి పొందెను. ఇందు వెనుక జంటకీళ్ళను, నరములనొక్కు నెముకను తీసివేసి, ఆ చోట వంగుటకును, ప్రక్కలకు వాలుటకును, కొంచెము తిరుగుటకును వీలైన కీలును మరలతో బిగింతురు. కొంచెము జారిన పూస కలవారికిని, 80 ఏండ్ల వయసువరకును ఇది చెల్లును. చాలకాలపు పరీక్షకు ఇది యింకను నిలువవలసియున్నది.

వీనియన్నిటికిని మూలమైన యాశ, పొరుగుడిస్కు చెడకుండుననునది. అది కొంతవరకు నిజమని చూపిన పరిశీలనలు కలవు. సందేహించు పండితులును కలరు. కొందరిలో ఎముక తనంతట తానే పెరిగి, మనిషి చేసిన కీలును చుట్టుకొని బిగించివేసినది.

చదివినదంతయు కాగితముమీద వ్రాసికొని తమ్ముని వెంట వైద్యుని కడకు పోతిని. ఆయన నా ప్రశ్నలకు విసుగుకొనలేదు. చిత్రమును వెలుతురుకెత్తి, వెనుక జంటకీళ్ళు రెండును అరిగినవనియు, పూస వ్రేలిమందము ముందునకు జారినదనియు చూపెను. "మాష్టారూ, మీరు చెప్పిన కీలు మంచిదే. ఈ నడుములో దానికి చోటు లేదు" అనెను. అతుకే చేసిరి. కాలినొప్పి పోయినది. తమ్ముడిప్పుడు ఊరిచెరువువరకు నడచి వచ్చును, భోజనమునకు ఎత్తైన పీట వేసికొనును. మొన్న తొలకరికి వడ్రంగిని పిలిచి తన పారకు మూరెడు హెచ్చు పొడవున కామ వేయించుకొన్నాడు. నిలువుననే నిలిచి గట్టు చెక్కుచున్నాడు.